ఎవరికీ చెప్పొద్దన్న గుళికలు

ఇలా చాప మీదకి జరగండమ్మా, ఇది దగ్గర కూర్చుని వినాల్సిన మాట. అది తొంభై ఎనిమిది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక నర్సింగ్ హోంలో నేను ఆయాని. చదువు లేదు గానీ, కాళ్లు చాపుకుని పసివాళ్లకి నీళ్లు పోయడంలో పేరున్న చెయ్యి నాది.

కైకలూరు వైపు నుంచి చేపల వ్యాపారం వాళ్ల కోడలు లక్ష్మి కాన్పుకొచ్చింది. ఇద్దరాడపిల్లల తర్వాత మగబిడ్డ. అత్తగారు నాగమ్మ వార్డంతా మిఠాయి పంచింది. మర్నాడు పొద్దున నీళ్లు పోస్తుంటే నా వేళ్లకి అనుమానమొచ్చింది. సంచి ఖాళీ. రెండువైపులా బీజాలు లేవు. డాక్టరమ్మని పిలిచాను.

"అన్‌డిసెండెడ్ టెస్టిస్," అందావిడ. అంటే, పొట్టలోంచి కిందికి దిగాల్సినవి దిగకుండా ఆగిపోవడం.

నాగమ్మ నా మీదకి లేచింది. "నిన్న బంగారంలా ఉన్నాడు. నువ్వే నలిపేశావు! నిన్నిక్కడ పనిలో ఉండనిస్తానా?"

"నలిపితే పోయేవి కావండి అవి," అంది డాక్టరమ్మ. "లక్ష్మీ, కడుపుతో ఉన్నప్పుడు మందులేమైనా వాడావా?"

"ఐరన్ బిళ్లలు తప్ప ఏమీ లేదండీ," అంది నాగమ్మ.

లక్ష్మి గోడవైపు తిరిగింది. అడిగింది కోడల్ని, జవాబు అత్తది. అక్కడే నాకు అనుమానం పురుగులా తొలిచింది.

నాగమ్మ టీకి వెళ్లగానే మంచం పక్కన చేరాను. "నా పని పోతే పోనీ, బిడ్డ కోసం చెప్పు తల్లీ. ఏం మింగావు?"

"మందు కాదు ఆయమ్మా... మగపిల్లాడి గుళికలు. అత్తయ్య తెచ్చారు. రెండో నెలలో మూడు రోజులు, పరగడుపున, మగదూడ ఉన్న ఆవు పాలతో మింగాను. ఎవరికైనా చెబితే ఫలించదన్నారు."

నేరుగా వెళ్లి డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ నాగమ్మని కూర్చోబెట్టింది.

"ఆడో మగో కడుపులో పడ్డప్పుడే తేలిపోతుందండి, ఏ గుళికా మార్చదు. కానీ మగబిడ్డకి ఈ భాగాలు తయారయ్యేది ఆ మొదటి నెలల్లోనే. అప్పుడు పడరాని మందు పడితే అక్కడి కణాలకి స్ట్రెస్, అంటే తట్టుకోలేని ఒత్తిడి. వరదొస్తే మీరు చేపల పని వదిలి ప్రాణాలు చూసుకోరూ, అవీ అంతే. అవి తయారు చెయ్యాల్సిన మగ హార్మోను చాలదు, పని మధ్యలో ఆగుతుంది. వీడికి దానివల్లే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను, ఏమీ వాడకపోయినా కొందరికి వస్తుంది. ఆ గుళికలో ఏముందో మాత్రం మీకూ తెలీదు, నాకూ తెలీదు."

"వీడికి పిల్లలు పుడతారా అండీ?" అడిగింది నాగమ్మ.

"ఆరు నెలలు చూద్దాం. దిగకపోతే ఏడాది లోపు ఆపరేషన్. ఆలస్యం చేస్తే ఆశ తగ్గుతుంది."

నాగమ్మ లేచి బయటికి నడిచింది. నా మీదకి మనుషుల్ని పిలిపిస్తుందేమోనని వెనకే వెళ్లాను. ఎస్టీడీ బూత్‌లో ఫోన్ పట్టుకుని కొడుకు మీద అరుస్తోంది: "ఒరే, చిన్నకోడల్ని రేపటి గుళిక మింగనివ్వొద్దు! ఎందుకేమిట్రా, నే చెప్పాను గనక! ఉన్నవన్నీ పొయ్యిలో వెయ్యి!" ఆ చిన్నకోడలికీ అప్పుడు రెండో నెలేనట.

పిల్లాడికి పదకొండో నెలలో ఆపరేషన్ చేయించారు. తండ్రయ్యేదీ లేనిదీ పెద్దయ్యాకే తెలుస్తుందన్నారు డాక్టర్లు.

ఆ తర్వాత నేను కడుపుతో వచ్చినవాళ్లని "మందులు వాడావా" అని అడగడం మానేశాను. పసర్లనీ గుళికల్నీ ఎవరూ మందులనుకోరు. అత్తగారిని ఏదో పని మీద బయటికి పంపి, "ఎవరేం మింగించారమ్మా?" అంటాను. అప్పుడు నోరు విప్పుతారు.

మీ ఇంట పుట్టే బిడ్డ ఆడైనా మగైనా నిండుగా ఎదగాలి, మీ గడప చల్లగా ఉండాలి తల్లుల్లారా.