వేటంటే సేపలేనా?

బర్మాలో తన్లిన్ వంతెన మీద బస్సు అరగంటగా కదల్లేదు. సిపాయిలు ఒక్కో బస్సూ ఎక్కి నా ఈడు కుర్రాళ్లను సైన్యంలో చేర్చడానికి దింపుతున్నారు. ఒళ్లో నార్వే నవల తెరిచే ఉంది కానీ, నా చూపంతా వెనక తలుపు మీదే. అంతకుముందు అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే నా తెలుగు విన్న పక్కసీటు ముసలాయన పలకరించాడు.

“ఏటి బాబూ సదువుతున్నావు?”

“వేట కథ, తాతా.”

“వేటంటే సేపలేనా?”

సముద్రం మీద చేపలు పట్టడాన్నే మా పెద్దలు వేట అనేవారు.

“కాదు. మంచు అడవిలో దుప్పుల వేట. వేటగాడు తుపాకీ గురిపెట్టాడు. పరిగెత్తాలా వద్దా అని దుప్పి చూస్తోంది.”

ఆయన ఒకసారి వెనక తలుపు వైపు చూసి, నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

“గింజుకున్న సేపకే వల బిగుస్తాది. కదలకుండా సదువుకో.”

సిపాయి ఎక్కాడు. ముసలాయన నా భుజం మీద తల వాల్చి దగ్గుతూ, “మనవడు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు” అని బర్మా భాషలో చెప్పాడు. సిపాయి నన్నూ పుస్తకాన్నీ చూసి వెళ్లిపోయాడు.

ఊళ్లో లత స్టాపు దగ్గర ఆయన ఒక్క దగ్గూ లేకుండా దిగిపోయాడు. నేను పేరైనా అడగలేదు.

ఆ వంతెన మీద ఇప్పటికీ రోజూ వెళ్తాను. నవల మాత్రం అక్కడే ఆగింది. పేజీ తిప్పితే దుప్పి కదులుతుందని భయం.