ఆఖరుకు ఎవరి చెయ్యి పడ్డది?

పోయిన వారం మా అబ్బాయి కొత్త కారు కొన్నాడు. దానికి తాళం పెట్టే సందే లేదు, మీట నొక్కితే చాలునట. మొయినాబాద్ చౌరస్తా దాకా పోయి కూరగాయలు తెద్దామని నేనొక్కణ్ణే కూర్చుని మీట నొక్కితే, తాళం కనబడుట లేదని ఎదురుగా అక్షరాలు వేసి చూపిస్తూ కీచుకీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఉన్నది కదరా నాయనా, నా జేబులోనే ఉన్నది కదా అని తీసి దాని ముందు ఆడించినా నమ్మలేదు. తాళంలో సెల్లు అయిపోయిందని మావాడు తర్వాత చెప్పాడు గానీ, ముప్పై ఏళ్ళకు పైగా బండ్ల వైరింగ్ షెడ్డు నడిపినవాణ్ణి పట్టుకుని ఒక బండి నువ్వెవరివని అడగడమేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది. కూరగాయలూ లేవు, ఏమీ లేవు, ఇంట్లోకొచ్చి మంచం మీద కూర్చున్నాను. అప్పుడు గుర్తుకొచ్చింది, నాలుగేళ్ళ కింద కనకమామిడిలో మా చెల్లెలి ఇంటి ముందు ఇంకో కారు నన్ను ఇట్లాగే దొంగను చేసిన సంగతి.

అది చెప్పాలంటే ముందు మా బాపు జీపు గురించి చెప్పాలి. మీలో ఆ కాలం జీపులు ఎరిగినవాళ్ళకు తెలుసు, వాటికి తాళమనేది పేరుకే, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పినా స్టార్టయ్యేవి. ఎన్నికలొస్తే పార్టీవాళ్ళంతా ఆ జీపులోనే, ఎన్నికలు లేకపోతే ఊళ్ళో కాన్పులన్నీ ఆ జీపులోనే, అందుకని ఎవరు పడితే వాళ్ళు తీసుకుపోకుండా బాపు ఇంటికి రాగానే బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు పంచే రోటర్ అనే చిన్న నల్లముక్కను పీకి అంగీ జేబులో వేసుకునేవాడు. అది లేకపోతే ఎంత తిప్పినా బండి కదలదు. నన్ను పట్నంలో ఐటీఐలో చేర్పించడానికి బయలుదేరిన పొద్దున ఆ ముక్క కనబడలేదు. ఇల్లంతా గాలించాం, అవ్వ దేవుడి పటాల వెనక కూడా చూసింది. చివరికి బాపు అందరినీ వాకిట్లో నిలబెట్టి, ఆఖరుకు ఎవరి చెయ్యి పడ్డది దీని మీద అని అడిగితే, ఆరేళ్ళ మా చెల్లెలు బోరుమని ఏడ్చింది. అన్న పోకుండా ఉండాలని రోటర్ను తీసుకుపోయి జొన్నల గుమ్మిలో పూడ్చిపెట్టింది. గుమ్మి సగం ఖాళీ చేస్తే గానీ అది దొరకలేదు, నా మొదటిరోజు ఆ జొన్నల్లోనే పోయింది. నేను మా చెల్లెలి వీపు మీద ఒకటి చరిచాను.

తర్వాత షెడ్డు పెట్టుకున్నాక బాపు అడిగిన ఆ మాటే నా పనికి మొదటి సూత్రమైంది. ఎవరు ఆగిపోయిన బండి తెచ్చినా, బానెట్ ఎత్తకముందే ఆఖరుకు ఎవరి చెయ్యి పడ్డదని అడిగేవాణ్ణి. నిన్ననే కొత్త హారన్ వేయించామనో, బామ్మర్ది టేపురికార్డరు బిగించాడనో నసుగుతూ చెప్పేవాళ్ళు. సగం రోగాలు అక్కడే బయటపడేవి.

ఇక ఆ రోజు సంగతి. మా చెల్లెలికి రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు చేవెళ్ళ దవాఖానలో డయాలసిస్ చేయించుకోవలసి వచ్చేది. బావ అప్పటికే లేడు. అందుకోసమే ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొని నేనే తిప్పేవాణ్ణి. పదకొండింటికల్లా అక్కడ ఉండాలి, అరగంట దాటితే మంచం తర్వాతివాళ్ళకు ఇచ్చేస్తారు. ఆ వారం అప్పటికే ఒకసారి తప్పిపోయింది, కాళ్ళు ఉబ్బి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నది. ఇంకొక్కటి తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సరిగ్గా ఆ రోజే రాఖీ పున్నమ వచ్చి కూర్చున్నది.

ప్రతి ఏడూ తానే మా ఇంటికి వచ్చేది, ఆ ఏడు నేనే పోయాను. బొట్టు పెట్టి, చేతికి రాఖీ కట్టి, తాను తినకూడని మిఠాయి నా నోట్లో పెట్టింది. నేను గడియారం చూస్తున్నాను. మా చెల్లెలు మాత్రం తీరుబడిగా కారు తాళం అడిగి తీసుకున్నది.

"నన్ను దవాఖానకు మోస్తున్నది గిదే గద అన్నా. దీనికి గూడ రక్ష ఉండాలె."

వెండిబిళ్ళ ఉన్న రాఖీ ఒకటి పళ్ళెంలోంచి తీసి, తాళానికి ఉన్న నల్లటి తల చుట్టూ జరీ తీగతో చుట్లు చుట్లుగా బిగించి కట్టింది. కట్టనీ, తొందరగా కట్టనీ అనుకున్నానే తప్ప అటు చూడనైనా లేదు.

కారులో కూర్చోబెట్టి తాళం తిప్పాను. ఇంజను అందుకున్నట్టే అందుకుని రెండు క్షణాల్లో చచ్చిపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అదే తంతు. ఎదురుగా ఎర్రటి తాళం బొమ్మ టపటపా కొట్టుకుంటున్నది. దాని అర్థం నాకు తెలియనిదేమీ కాదు, బండికి నా మీద నమ్మకం లేదని. తాళం తలలో గింజంత చిప్పు ఉంటుంది, తాళం పెట్టేచోట చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని చదువుతుంది, చదవలేకపోతే దొంగ అనుకుని పెట్రోలు ఆపేస్తుంది. తెలిసి ఏం లాభం? బ్యాటరీ క్లిప్పులు గీకి బిగించాను, ఫ్యూజులన్నీ పీకి చూశాను, ఈ వయసులో స్టీరింగ్ కింద తల దూర్చి పడుకుని కవర్ విప్పి తీగచుట్ట కనెక్షన్ ఊడబీకి మళ్ళీ పెట్టాను. చేతికున్న రాఖీ అంతా గ్రీజయింది. ఎర్రబొమ్మ మాత్రం వెక్కిరిస్తూనే ఉన్నది. రెండో తాళముంటే పెట్టి చూద్దును, అమ్మినవాడు పోయిందని చెప్పి ఒక్కటే ఇచ్చాడు. షోరూముకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఆడించి, చివరికి ఒక అమ్మాయి బండిని పట్నానికి ఎత్తుకుపోవాలి, రెండు రోజులు పడుతుంది సార్ అన్నది. రెండు రోజులా అని నేను అరిచిన అరుపుకు గేటు దగ్గరి కోళ్ళు చెదిరిపోయాయి.

పోనీ ఆటో చూద్దామంటే, రోడ్డు మీద పోయే ప్రతి ఆటో అన్నల ఇళ్ళకు పోయే ఆడవాళ్ళతో కిక్కిరిసి ఉన్నది. బస్సులో నిలబడే శక్తి దానికి లేదు. మేనల్లుడు భార్యను వాళ్ళన్న దగ్గరికి మా వైపే ఉన్న ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. పక్క ప్లాటులో ఉండే కోస్తావాళ్ళు ఆఫీసుకు పోయి గేటుకు తాళం వేసి ఉన్నది. గంట పదకొండు కొట్టింది.

మా చెల్లెలు వెనకసీట్లో కాళ్ళు బయటికి పెట్టుకుని, మాట మాటకూ ఊపిరి అందుకుంటూ, ఫికర్ చెయ్యకన్నా అంటున్నది. ఊకో నువ్వు అని కసిరాను. స్పానరు మట్టిలోకి విసిరికొట్టి, ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియకుండా షెడ్డులో అరిచినట్టే అరిచాను.

"ఆఖరుకు ఎవరి చెయ్యి పడ్డది దీని మీద?"

తనను అడిగాననుకున్నది పిచ్చిది.

"నాదే అన్నా. ఇందాక రాఖీ కట్టిన గద."

తాళం వంక చూశాను. వెండిబిళ్ళ సరిగ్గా చిప్పు మీద కూర్చున్నది, చుట్టూ జరీ తీగ కోటగోడలా బిగిసి ఉన్నది. అంత లోహం అడ్డముంటే తీగచుట్ట చిప్పును ఎట్లా చదువుతుంది? పొద్దున మొయినాబాద్‌లో ఒక్క తిప్పుకే స్టార్టయిన బండికి ఆ తర్వాత కొత్తగా జరిగింది అదొక్కటే. ఊరందరినీ ముప్పై ఏళ్ళు అడిగిన మాట నన్ను నేను అడుక్కోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

బ్లేడు తీశాను. కట్టిన రోజే రాఖీని కోయొద్దని చెయ్యి పట్టుకున్నది. ఉబ్బిన వేళ్ళతో ముడి రాక, పంటితో లాగి విప్పింది. నా రక్షే నీకు అడ్డం పడ్డదా అన్నా అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నది. ఒక మంచి మాట అనవచ్చు కదా నేను, ఏడుపు తర్వాత, ముందు డోరెయ్యి అన్నాను. ఇంజను మొదటి తిప్పుకే అందుకున్నది.

చేవెళ్ళ చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. నర్సమ్మ తిట్టిన తిట్లు తిట్టకుండా తిట్టింది గానీ, మంచం ఖాళీగానే ఉన్నది. తర్వాత రావలసిన ముసలామెకు కూడా ఆటో దొరకలేదట. మిషను తగిలించాక, కాస్త ఊపిరి కుదుటపడ్డాక, మా చెల్లెలు నవ్వింది.

"నీ బండిని రెండుసార్లు ఆపిన అన్నా. అప్పుడైతే కావాల్ననే ఆపిన."

ఆ రాఖీని వచ్చేటప్పుడు కారు లోపలి చిన్న అద్దానికి కట్టింది.

పోయినేడు మా చెల్లెలు వెళ్ళిపోయింది. పాత కారు అమ్మేద్దామని మావాడు పోరుతున్నాడు, కొత్తదానికి దొంగల భయమే లేదట. మా బాపు జీపు ఎవరినీ గుర్తుపట్టేది కాదు, ఊరంతా మాత్రం దాన్ని గుర్తుపట్టేది. ఇప్పుడు బండ్లే మనుషులను ఆనవాలు అడుగుతున్నాయి.

మొన్న రాఖీ పున్నమ నాడు పొద్దున్నే పాత కారు తీశాను. అద్దానికి వెండిబిళ్ళ నల్లబడి వేలాడుతున్నది. ఒక్క తిప్పుకే స్టార్టయింది, ఎర్రబొమ్మ ఒకసారి వెలిగి ఆరిపోయింది. కనకమామిడి వైపు మలుపు దాకా పోయి, కాసేపు ఇంజను నడుస్తుండగానే కూర్చుని, వెనక్కి తిప్పుకుని ఇంటికి వచ్చేశాను.