అవ్వ ఆమెన్ అనని పేరు

మొన్న మెదక్ బజారులో చెప్పుల కోసం ఒక దుకాణంలో కూర్చుంటే, దుకాణదారు ఒక జత నా చేతికిచ్చి అసలు సిసలు తోలని ఒట్టేసి చెప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. జిగురు వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆయన తోలు గురించి చెప్పింది ఎవరికో ఆయనకు తెలియదు పాపం. ఇంటి వెనక తోళ్లు నానబెట్టే లందలో పచ్చితోలు, సున్నం, తంగేడు చెక్క కలిసి నానుతుంటే లేచే వాసనలో పుట్టి పెరిగినదాన్ని నేను. దారినపోయేవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునే ఆ వాసన నాకు మాత్రం మా బాపు వాసన, మా నాన్న వాసన.

బాపు మోటలు కుట్టేవాడు. బావిలోంచి ఎడ్లతో నీళ్లు తోడే పెద్ద తోలుసంచి మోట. పాపన్నపేట వైపు వరిపొలాల రైతులు బండ్లు కట్టుకుని వచ్చి మా గుడిసె ముందు కూర్చుని, ఒక్క కుట్టు నుంచి కూడా నీరు కారదని బాపు చెప్పేదాకా లేచేవారు కాదు. బాపు ఆరెతో పొడిచి దారం లాగుతుంటే, రంపెతో కోసి పడేసిన అంచు ముక్కలు ఏరుకుని నేను బొమ్మలకు చెప్పులు చేసేదాన్ని. శనివారం సాయంత్రం కుంకుడు నురగతో ఎంత తోమినా ఆయన చేతుల వాసన పోయేది కాదు. ఆదివారం పెద్ద గుడిలో, అంటే మెదక్ చర్చిలో, కూర్చున్నప్పుడు కిటికీల రంగుటద్దాల్లోంచి ఎరుపూ నీలం కలిసిన వెలుగు దిగివచ్చి ఆ అరచేతుల మీద పడేది. దేవుడు అందరినీ వదిలిపెట్టి మా బాపు చేతులే చూస్తున్నాడని నేను ఊపిరి బిగబట్టేదాన్ని. క్రిస్మసుకు మా అమ్మ, నేను అవ్వ అని పిలిచేదాన్ని, గర్జెలు, సకినాలు చేసి పంచేది. ఆ గంపలో పక్క గల్లీ ముస్లిముల ఇళ్లకూ వాటా ఉండేది. రంజానుకు వాళ్ల సేమ్యా గిన్నె మా ఇంటికి వచ్చేది. పాలు పలచగా ఉన్నాయని అవ్వ వంక పెట్టేది గానీ గిన్నెలో చుక్క మిగిల్చేది కాదు.

దీపం పెట్టగానే చాప పరిచి ఇంటి ప్రార్థన. బాపుకు పెద్ద పెద్ద మాటలు రావు. చుట్టాల పేర్లు ఒక్కొక్కటే తీసి దేవుని ముందు పెట్టేవాడు.

"నిజాంపేటల మా అక్కను సల్లగ సూడు తండ్రీ."

"ఆమెన్" అనేవాళ్లం అవ్వా నేనూ.

"శంకరంపేటల తమ్మున్ని సూడు, వాని ఎడ్లను సూడు."

"ఆమెన్."

"జమాలును సూడు. ఆయన పెండ్లాం పిల్లలను సల్లగ సూడు."

అక్కడ నా గొంతు ఒక్కటే వినిపించేది. అవ్వ పెదాలు బిగించి దీపం వంక చూస్తూ ఉండేది. నాకప్పుడు ఆరేడేళ్లు. బాపు తరఫు చుట్టాలతో అవ్వకు ఎప్పుడూ పొసగదు. నిజాంపేట అత్త వచ్చిందంటే మా ఇంట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేసేవి. జమాల్ కాక కూడా అలాంటి చుట్టమేనని, అవ్వ మూలంగానే పాపం మా గడప తొక్కడం లేదని నేను ఖాయం చేసుకున్నాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. అవి రజాకార్ల రోజులు. పెద్దవాళ్లు ఏదో మాట్లాడుకుంటూ పిల్లలు కనబడగానే ఆగిపోయేవారు. రజాకార్ల జట్టులో తిరిగే జమాల్ అనే మనిషి వచ్చి, తూటాలు పెట్టుకునే పట్టీలు కుట్టిమ్మని బాపును అడిగాడట. చెప్పులు కుడతాను, గుర్రానికి జీను కుడతాను, మనుషులను చంపే సామానుకు మాత్రం పట్టీ కుట్టనని బాపు అన్నాడట. జమాల్ తుపాకి మడమతో ఆయన కుడిచెయ్యి నలగ్గొట్టాడు. నేనప్పుడు అమ్మమ్మ దగ్గర ఉన్నాను. తిరిగొచ్చి కట్టు చూసి అడిగితే దెబ్బ తగిలిందన్నారు, అంతే. రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఆరె ఎడమచేతికి మారింది, పని సగం కూడా సాగలేదు, మా అన్నం గంజి అయింది. ఆ కట్టు విప్పకముందే బాపు ఆ పేరును ప్రార్థనలో చేర్చాడట.

తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. వానలు తగ్గి తంగేడు పూస్తున్న రోజులు. సైన్యం వచ్చిందని బజారులో జెండాలు, సంబరం. దాని వెంటే రజాకార్ల కోసం వెతుకులాటలూ మొదలయ్యాయి. ఎవరినీ పల్లెత్తు మాట అనని పక్క గల్లీవాళ్లు కూడా తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఒక మధ్యాహ్నం బాపు ఊళ్లోకి, అవ్వ నీళ్లకు వెళ్లిన వేళ, లంద వైపు దడి దాటి ఒక మనిషి ఇంట్లోకి వచ్చాడు. ఒంటి మీద ఎవరిదో ధోతి, చెవి పక్కన రక్తం.

"జర నీళ్లియ్యి బిడ్డా" అన్నాడు. చెంబు ఇచ్చాను. అంతలో వీధిలో అరుపు వినిపించింది. "జమాల్‌గాడు గిటే పోయిండు."

అతను చెంబు కింద పెట్టేసి తలుపు చాటుకు జరిగాడు. నాకు మాత్రం పట్టరాని సంతోషం.

"నువ్వు మా జమాల్ కాకవా? మా బాపు రోజు నీ పేరు చెప్పి దేవుణ్ణి అడుగుతడు. నీ పిల్లలు మంచిగున్నరా?"

అతను నన్ను చూశాడు, గోడకు వేలాడే మోటను చూశాడు. ఎవరింట్లోకి వచ్చాడో అప్పుడు తెలిసింది కాబోలు, ఉన్నచోటనే కూలబడ్డాడు.

అవ్వ నీళ్ల కడవతో వచ్చి అతన్ని చూసింది. ఆమె ముఖం అలా మారడం నేనెన్నడూ చూడలేదు. చుట్టం వచ్చినప్పటి ముఖం కాదది. కడవ దించకముందే కర్రలు పట్టుకున్న మనుషులు వాకిట్లోకి వచ్చారు. ముందున్నవాడు మా వాడ మల్లయ్య, ప్రతి ఆదివారం గుడిలో బాపు పక్కన కూర్చునేవాడు.

"రూతక్కా, మా అన్న చెయ్యి పాడుజేసినోడు ఇటు వచ్చిండా?"

అవ్వ పక్కకు తప్పుకుంటే చాలు, ఆ మనిషి ప్రాణం పోతుంది. అది నాకు కూడా అర్థమైంది. అవ్వ వెళ్లి గడపకు అడ్డంగా నిలబడింది.

"వచ్చిండు. లోపల ఉన్నడు."

వాళ్లు అడుగు ముందుకేశారు. అవ్వ కదలలేదు.

"చెయ్యి పోయింది నా మొగనిది. గంజి తాగింది మేము. పగ ఉంటే నాకుండాలె, మీకెందుకు? లోపలికి పోవాల్నంటే నన్ను దాటి పోండ్రి."

"గంత జేసినోన్ని దాస్తున్నవా అక్కా?"

"దాస్తలేను. ఉన్నడని చెప్తున్న గద."

కడవలో నీళ్లు తొణికి ఆమె భుజం మీదుగా కారుతున్నాయి. చివరికి మల్లయ్య కర్ర దించి తల వంచుకున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనుదిరిగారు.

బాపు వచ్చి, చూసి, అతని పక్కన కూర్చున్నాడు. అవ్వ అతనికి జొన్న గటక వడ్డించింది. జమాల్ చేతులు జోడించి "మాఫ్ జెయ్యి బెహన్" అన్నాడు.

"మాఫ్ జేసింది ఆయన. నాతోని అయితలేదు. నువ్వు తిను" అంది అవ్వ.

ఆ సాయంత్రం అతను చాప అంచున కూర్చుంటే బాపు ఎప్పటిలాగే ఆ పేరు చెప్పాడు. నేను ఆమెన్ అన్నాను. అవ్వ అనలేదు. తెల్లవారి బాపు అతన్ని వెంటబెట్టుకుని పోయి, దారిలో ఎవరూ చెయ్యి వేయకుండా సైన్యం వాళ్లకు అప్పగించి వచ్చాడు. అవ్వ దారికని రొట్టెలు కట్టిచ్చింది. జైలుకు పోయాడని విన్నాం, ఆ తర్వాత సంగతి తెలియదు.

బాపు చేసింది పెద్దయ్యాక నాకు కొంత అర్థమైంది. అవ్వను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మనసు మెత్తబడకుండానే, కోపం కోపంగానే ఉండగానే, శత్రువును ప్రేమించమన్న దేవుని మాట కోసం ఆ గడపలో నిలబడింది. వాకిట్లో అబద్ధం ఆడనిది చాప మీద మాత్రం ఎలా ఆడుతుంది? కన్నుమూసేదాకా ఆ పేరుకు ఆమెన్ అనలేదు.

ఇప్పుడు బావులకు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. లంద పూడ్చి దాని మీద ఎవరో మేడ కట్టారు. తంగేడు చెక్క ఒలిచేవాళ్లు లేరు. ఇంటి ప్రార్థన మాత్రం మిగిలింది. బాపు చెప్పిన పేర్లన్నీ నేనూ చెప్తాను, జమాల్ పేరుతో సహా. పిల్లలు అన్నిటికీ వెంటవెంటనే ఆమెన్ అనేసి ఫోన్లు తీసుకుంటారు. ఆ పేరు దగ్గర ఆగేవాళ్లు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.