ప్రార్థన చేసి కట్టిన గోడ

నా భర్తకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆయన మంచం ఉత్తరం కిటికీ పక్కనే ఉంటుంది. ముందువైపు రోడ్డు, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి పోయే కంపెనీ బస్సులు. వీధి తలుపు తీస్తే చాలు, దుమ్ముకు ఆయన దగ్గు మొదలవుతుంది. మా ఇంట్లో గాలి వచ్చే దారి ఆ కిటికీ ఒక్కటే.

కిటికీ అవతలి ఖాళీ జాగా మా చర్చి సంఘంలో మనిషిదే. ఆదివారం మా ముందు వరుసలో కూర్చుంటాడు. ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్ళకు గదులు అద్దెకిద్దామని అక్కడ మూడంతస్తులు కట్టాలనుకున్నాడు. పని మొదలుపెట్టే ముందు మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, మొదటి రాయి నువ్వే పెట్టల్ల. నీ ప్రార్థనతోనే మొదలు కావల్ల" అన్నాడు.

మా సంఘంలో ఎవరు ఇల్లు కట్టినా పెద్దల్లో ఒకరు ప్రార్థన చేసి మొదటి రాయి పెడతారు. పిలిస్తే కాదనరు. కాదంటే కీడు కోరినట్టే లెక్క. మా ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆ గదుల్లో ఉండబోయే పిల్లల క్షేమం కోసం కూడా ప్రార్థించి రాయి పెట్టి వచ్చాడు. మధ్యలో జాగా ఎంత వదులుతావని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ప్రార్థన దగ్గర కొలతలు మాట్లాడే అలవాటు మాకు లేదు.

గోడ లేచింది. కిటికీ రెక్క తెరిస్తే ఆ గోడకే కొట్టుకుంటోంది. మూడడుగులు వదలాలని రూలు. ఈ మహానుభావుడు నా చెయ్యి దూరేంత వదిలాడు. అడిగితే, పంచాయతీ పర్మిషన్ ఇచ్చిందన్నాడు. పంచాయతీకి పోతే, ఇచ్చింది ఇచ్చేశాం, కావాలంటే తాలూకాలో అప్పీలు వేసుకోమన్నారు. ఇచ్చేముందు ఒక్కరైనా వచ్చి మా కిటికీ చూశారా అని అడిగాను. గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పీలు వేస్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు.

"సంఘంలో మనిషి మీద ఆఫీసులకు పోతామా మే? ఏం బాగుంటాది?"

"నీకు ఊపిరాడకుంటే బాగుంటాదా?" అన్నాను.

అయినా అప్పీలు వేశాను. తాలూకాలో విచారణకు ఒక్కదాన్నే పోయాను. నేను గోడ సంగతి, ఉబ్బసం సంగతి చెప్పాను. పొరుగాయన ఫోన్ తీసి ఆఫీసరుకు ఒక ఫోటో చూపించాడు. మా ఆయన కళ్ళు మూసుకుని, చేతిలో రాయితో నిలబడి ఉన్నాడు.

"ప్రార్థనె మాడిద్దు నిమ్మ యజమానరే అల్వేనమ్మా?" అన్నాడు ఆఫీసరు కన్నడంలో. ప్రార్థన చేసింది మీ ఆయనే కదా అని.

"ఆయనే సార్. ఇల్లు బాగుండాలని చేసినాడు. గోడ మా ముక్కు మీదికి తెమ్మని చెయ్యలేదు."

దగ్గరుండి రాయి పెట్టి ఇప్పుడు అడ్డం తిరిగితే ఎలాగమ్మా అన్నాడు ఆఫీసరు. అప్పీలు కొట్టేశారు. దేవుడి పేరు చెప్పి పిలిచి, మా మంచితనాన్నే సాక్ష్యంగా తెచ్చి మా మీదే పెట్టాడు పొరుగాయన. అంతటితో ఊరుకున్నాడా? బయట వరండాలో నన్ను ఆపి, "వదినా, మనసులో పెట్టుకోవద్దు. ఇల్లు చేరే ప్రార్థనకు అన్ననే రావల్ల" అన్నాడు. కోపంతో తిరిగి చూడకుండా మెట్లు దిగాను.

గృహప్రవేశం రోజు మా ఆయన నిజంగానే పోవడానికి లేవబోయాడు. నేను కూర్చోబెట్టి నేనే పోయాను. సంఘమంతా ఉంది. ఆయన బదులు నాకు మైకు ఇచ్చారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన మొదలయ్యాక మధ్యలో ఆపమనడానికి మాలో ఎవరికీ నోరు రాదు.

"ప్రభువా, ఈ ఇంటికి గాలి బాగా వస్తాంది. పక్కింట్లో నా పెనిమిటికి రాకుండా పోయింది. మూడడుగులు వదలమని రూలు ఉండాది. ఈయన వదిలినాడో లేదో ఆఫీసోళ్ళు చూడలేదు. నువ్వైనా చూడు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మెత్తగా ఏదీ అనలేదు.

అందరూ ఆమేన్ అన్నారు. ఇల్లు కట్టినాయన గొంతు కూడా విన్నాను. భోజనాల దగ్గర నన్ను ఎవరూ కూర్చోమనలేదు, నేనూ ఆగలేదు.

ఇంటికొస్తే మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మైకులో అంతా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను.

"జిల్లా ఆఫీసుకు మళ్ళా అప్పీలు వేస్తాండావా?" అన్నాడు.

"వేస్తాండా."

"నేనూ వస్తా."

"యాడికి వస్తావు? అన్ని మెట్లు నువ్వు ఎక్కలేవు."

ఆయన చాలాసేపు దగ్గాడు. ఆగాక నెమ్మదిగా అన్నాడు. "వాళ్ళు కాయితాలు సూసినారు. మనిషిని సూడలా. సూడనీ."