పసుపంటిన దుప్పటి మీద అప్పీలు

వరంగల్ కొత్తవాడలో ఒక నేత సొసైటీకి మార్కండేయులు కార్యదర్శి. మాట మెత్తన, పంతం మాత్రం పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

డెబ్బై తొమ్మిదిలో సర్కారు దవాఖానలకు నాలుగు వేల చేనేత దుప్పట్లకు టెండరు పిలిచారు. అది దొరికితే సొసైటీలోని నలభై మగ్గాలకు ఆర్నెల్ల పని. లేకపోతే నేసేవాళ్లు బొంబాయి పక్కన భీవండి మరమగ్గాలకు రైలెక్కాల్సిందే.

అందరికంటే తక్కువ ధర సొసైటీదే. అయినా కొట్టేశారు. కారణం వింటే ఒళ్లు మండుతుంది. నమూనా దుప్పటి మీద ఎవరిదో తెలిపే గుర్తు ఉండొద్దట. మగ్గం మీంచి కోసిన మొదటి బట్టకు కొసన పసుపు అద్దందే నేతగాళ్ల ఇళ్లలో గడప దాటించరు. మార్కండేయులు భార్య సరోజన అద్దింది, ఆయన అట్లాగే మడిచి ఇచ్చొచ్చాడు. టెండరు దక్కిన వ్యాపారి మరమగ్గం దుప్పట్లను చేనేతవని అంటగట్టాడు. అది మాత్రం ఎవరి కంటికీ ఆనలేదు.

"గిది గుర్తెట్లయితది సారూ? కొత్తవాడల ఏ ఇంట్ల సూసినా మొదటి బట్టకు పసుపుంటది" అన్నాడు మార్కండేయులు, కొనుగోళ్ల ఆఫీసు గుమస్తా సారంగపాణితో.

"నాకెందుకు చెప్తవ్? అప్పీలు రాసుకో. మూడు కాపీలు" అన్నాడు సారంగపాణి తలెత్తకుండా.

అప్పీలు స్టాంపు లేదని తిరిగొచ్చింది. స్టాంపు అంటించి ఇస్తే నమూనా జతచేయమన్నారు. నమూనా వాళ్ల బీరువాలోనే ఉంది. ఆ సంగతి రాసిస్తే, తాళంచెవి బదిలీ అయిన అధికారితో వెళ్లిపోయిందన్నారు. వింటున్నారా? మనిషితో పాటు తాళంచెవికీ బదిలీ.

ఇక హైదరాబాదు పెద్దాఫీసుకు తిరుగుడు మొదలైంది. చెప్పులరిగాయి. కాజీపేటలో రైలెక్కిన ప్రతిసారీ సొసైటీ మనిషి ఎవరో ఒకరు రేకుపెట్టెతో అదే బోగీలో కనిపించేవాడు, భీవండికి పోతూ. ఒకసారి సొసైటీ మగ్గం వదిలేసి పోతున్న యాదగిరి ఎదురయ్యాడు.

"ఈసారి తెగుతది, జర ఆగు" అని బతిమాలాడు మార్కండేయులు.

"మూడేండ్ల సంది ఆగుతనే ఉన్న గద బావా. పిల్లల కడుపులు ఆగుతయా?" అన్నాడు యాదగిరి.

ఎనభై నాలుగులో తీర్పు కాగితం వచ్చింది. పసుపు గుర్తింపు చిహ్నం కాదట, టెండరు కొట్టేయడం తప్పేనట. అయితే దవాఖానలకు అప్పుడు కొన్న సదరు దుప్పట్లు వాడకంలో చినిగిపోయినందున చేయగలిగింది లేదట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. దానికి ఒక కొత్త టెండరు ఫారం జతచేశారు. మళ్లీ నాలుగు వేల దుప్పట్లకే, కానీ సొసైటీలో కనీసం ముప్పై మగ్గాలు ఆడుతూ ఉండాలి.

మార్కండేయులు కాగితాన్ని పైకి చదివాడు.

"అయితే గెలిసినమా?" అంది సరోజన.

"గెలిసినం."

"మరి నేసేటోళ్లేరి?"

అప్పటికి సొసైటీలో ఆడుతున్నవి ఆరు మగ్గాలు. ఐదేళ్లు ఆఫీసుల మీద కోపంతో తిరిగినవాడికి ఆ రోజు తన మీద తనకే కోపమొచ్చింది. ఎక్కిన ప్రతి రైలులోనూ తన మనుషులు పక్కనే కూర్చున్నారు, ఒక్కణ్నీ ఆపలేకపోయాడు. ఫారం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.