ఖర్చు లేని మాట

మా ఆఫీసు సీనియర్ అన్నకు కాంటనీస్‌లో ఒక మాట వచ్చు. ‘సో సోంగ్’. చేతికి ఎముక లేని మనిషి అని అర్థం. న్యూ లిన్ హోటల్లో బిల్లు వచ్చే వేళకు పక్కవాళ్ల భుజం తట్టి ఆ బిరుదు ఇచ్చేవాడు. బిరుదు పుచ్చుకున్నవాళ్లు సిగ్గుపడి డబ్బు కట్టేవాళ్లు.

“నేర్చుకో తమ్ముడూ, ఖర్చు లేని మాట,” అనేవాడు నాతో.

ఆ మాట నేర్పిన హాంకాంగ్ ఆంటీ రిటైరైన రోజు పార్టీ తనదే అన్నాడు. తిన్నాక ఆమె భుజమే తట్టాడు. ఆమె చేతులు కడుక్కొస్తానని లేచి, బిల్లు కట్టేసి వచ్చింది. మిగిలిన డంప్లింగులు ఆయన ఇంటికి ప్యాక్ చేయించుకున్నాడు.

బయట ఆంటీని అడిగాను, కాంటనీస్‌లో పిసినారిని ఏమంటారని.

“గూ హోన్. రెండు మాటలూ అతనికి ఒకే రోజు నేర్పాను. ఒకటే గుర్తుపెట్టుకున్నాడు,” అంది.