గూడ్స్ యార్డు నూకరాజు గారి పేరాలు

ముందు చెప్పవలసిన మాట ఏదో తెలిసి కూడా మనిషి దాన్ని చివరికి ఎందుకు నెడతాడు? ఇన్నేళ్ళు పుస్తకాలు చదివాను, జవాబు నాకు దొరకలేదు. నూకరాజు గారిని అడగవలసింది. అడగలేదు.

ఆయన రాయపూర్ గూడ్స్ యార్డులో గుమస్తా. వాగన్ల నంబర్లు రాసుకోవడం, ఏది ఏ ఊరు పోవాలో తలుపు మీది చీటీ చూసి సరిపెట్టుకోవడం ఆయన పని. ఆదివారం సాయంత్రాలు గుఢియారీలో మా తెలుగు సంఘం చదువుల గదికి వచ్చేవారు. ఆ గది తాళం నా దగ్గర ఉండేది. శంకర్ నగర్‌లో ఆఫీసు, ఒక అద్దె గది, ఈ పుస్తకాల బీరువా. నా లోకం అంతే. చదవడానికి ముగ్గురు వస్తే గొప్ప. ఉత్తరాలు రాయించుకునేవాళ్ళు మాత్రం ఆయన కోసం బెంచీ నిండా కూర్చునేవారు. పెద్దవాళ్ళకి రాత రాదు. పిల్లలు హిందీ బళ్ళో చదివినవాళ్ళు, తెలుగు మాట్లాడతారు గాని రాయలేరు.

ఒకసారి వెంకటస్వామి అనే యార్డు ఖలాసీ ఊళ్ళో ఉన్న అన్నకి ఉత్తరం చెబుతున్నాడు.

"రాయండి బావూ. మేమంతా కులాసా. ఆవు ఈనింది. అమ్మకి సూపు ఆనడం నేదు, ఆపరేషన్‌కి నువ్వు రావాల. దూడ తెల్లది. అమ్మ రోజూ ఏడస్తంది. జల్దీ రా."

నూకరాజు గారు కలం ఆపారు. "ఏటి స్వామీ, ఆవునీ అమ్మనీ ఒకే డబ్బాలో ఎక్కించీసినావు? అక్కడ దింపీవోడు దూడని దింపుకుని మురిసిపోతాడు."

బెంచీ అంతా నవ్వింది.

"మరెలాగ రాయాల?"

"ఒక సంగతికి ఒక పేరా. పేరాలో మొదటి మాట, వాగను తలుపుకి చీటీ లాంటిది. లోపలేటుందో అది సెప్పాల. 'అమ్మ కళ్ళకి ఆపరేషన్, నువ్వు రావాలి.' తర్వాత ఎప్పట్నించి ఆనడం లేదు, డాక్టరేటన్నాడు, ఏ తారీకుకి రావాల. ఆ పేరాలో ఇంకో సంగతి దూరకూడదు. అది అయ్యాక కింద లైనులోకి దిగి, కాస్త లోపలికి జరిపి, అప్పుడు నీ ఆవు."

"ముందు కులాసా రాయకపోతే మా అన్న గుండె ఆగిపోద్ది బావూ!"

"రాస్తే అక్కడిదాకా సదివి, మడిచి జేబులో ఎట్టీసుకుంటాడు."

మళ్ళీ అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో 1984లో తెలిసింది. అప్పటికి ఆయన రిటైరవడానికి రెండు నెలలుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అందరూ వెళ్ళాక ఒక పాత ఇన్‌లాండు కాగితం నా చేతిలో పెట్టి చదవమన్నారు. పదహారేళ్ళ కిందటిది. తల్లికి సుస్తీ చేసిందని భార్య తాయారమ్మ గారు పార్వతీపురం వెళ్ళినప్పుడు ఆమె అన్నయ్య రాసింది. కష్టం ఎంత ఉన్నా ఉత్తరం ముందు క్షేమంతో మొదలుపెట్టడం మనవాళ్ళ మర్యాద. "ఇచట అందరం క్షేమం" అని మొదలై మూడు మడతలూ ఎక్కడా ఎడం లేకుండా నిండిపోయింది. ఎదురింటి పెళ్ళికీ కొత్తగా తవ్వించిన నూతికీ నడుమ ఒక వాక్యం ఉంది: "అమ్మకి మాట పడిపోయింది, మిమ్మల్నే చూస్తానంటున్నట్టుంది, వెంటనే బయల్దేరండి."

"క్షేమం చూసి డూటీకి ఎల్లిపోనాను అచ్చయ్యా. మిగతాది నాలుగో రోజున సదివాను. నేనెల్లీసరికి దినాలవుతున్నాయి. ఉత్తరం అందలేదా అనడిగింది మా ఆవిడ. అందిందన్నాను. ఇంకేటీ అడగలేదు. నాతో రాలేదు."

ఆ తర్వాత పదహారేళ్ళూ పార్వతీపురం చీటీ ఉన్న వాగన్లని ఆయనే చూసి పంపించారు.

ఇప్పుడు ఆమెకి రాసిన ఉత్తరం చూపించారు. శుభ్రంగా మూడు పేరాలు. మొదటిది క్షేమం. రెండోది రిటైర్మెంటు. మూడోదాని చివర: "నువ్వు ఒప్పుకుంటే అక్కడికొచ్చి ఉంటాను."

"పేరాలు బాగున్నాయి, వరస బాగాలేదు. చివరిది ముందుండాలి," అన్నాను.

"అంత గభాల్న అడిగీస్తే అక్కడితో సింపీయదా?"

"వెంకటస్వామికి చెప్పింది మీరే కదా!"

"ఇంకోళ్ళకి సెప్పడం ఆసానే నాయనా."

నాలుగు ఆదివారాలు తిరగరాశారు. ప్రతిసారీ క్షేమం పేరా కొంచెం చిన్నదయ్యేది. ఐదో ఆదివారం అది లేనే లేదు. ఉన్నది ఒకటే పేరా: "నేను నీ దగ్గరికి రావచ్చా? ఆ రోజు ఉత్తరం నా చేతికి అందింది. పూర్తిగా చదవకుండా జేబులో పెట్టుకున్నాను. మీ అన్నయ్య తప్పు కాదు, నాదే. ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను." జవాబుకి మా సంఘం చిరునామా ఇచ్చారు.

నేనే తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేశాను. వేస్తూ, జవాబు రాకపోతే ఈ ఆదివారాలు నాకు మిగులుతాయి కదా అనుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మూడో వారంలో కార్డు వచ్చింది. చిన్నపిల్లల రాతలాగా వంకర అక్షరాలు. "రండి. అన్నయ్య పోయి రెండేళ్ళయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. నుయ్యి ఎండలేదు."

నూకరాజు గారు నిలబడే చదివారు. మళ్ళీ చదివి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం బెంచీ మీదున్న వాళ్ళందరికీ రాసిపెట్టి లేచారు.

"వచ్చే ఆదివారం వస్తారు కదా?" అన్నాను. తల ఊపారు.

ఆదివారం బెంచీ నిండింది, ఆయన రాలేదు. ఉత్తరాలు నాకు చేతనైనట్టు నేనే రాశాను. గది మూసి క్వార్టరుకి వెళ్తే తలుపుకి తాళం. పక్కింటి దాలమ్మ మెట్ల మీద బియ్యం ఏరుకుంటోంది.

"మీకు సెప్పనేదేటి బాబూ?" అంది. "సోమారంతో నౌకరీ అయిపోనాది. మంగళారం పొద్దున్నే పార్వతీపురమని వాల్తేరు బండికి ఎల్లిపోనారు. చాయ్ ఇస్తే సగం తాగి ఒగ్గీసి, టేసనుకి పరిగెట్టినారు."